ఆకు గడియారం చూసి పందిరి కట్టాలి

(అలంకరణ పనిలో ఉన్నవాళ్లకూ డ్వాక్రా సంఘాల మహిళలకూ ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. మైకు నాకు పెద్దగా అలవాటు లేదు. నిచ్చెన మీద నిలబడి కిందున్నవాళ్లతో మాట్లాడటం అలవాటు. అందుకని గొంతు మాత్రం గట్టిదే.

ముందు ఈ బల్ల మీదికి ఒకసారి చూడండి. మూడు రకాల ఆకు పెట్టాను. ఎడమ పక్కన ఉన్నది కొబ్బరి మొవ్వు. ఇంకా విచ్చుకోని లేత ఆకు, మీగడ రంగులో ఉంది చూశారా? ఇవాళ పొద్దున ఆరింటికి కోయించాను. మధ్యలోది ముదురు కొబ్బరి మట్ట, నిన్నటిది. కుడి పక్కన చిన్న కట్ట ఉంది, అది తాటాకు. దాని వయసెంతో ఎవరైనా చెప్పగలరా? నెలా? రెండు నెలలా? పోయిన ఏడాది మాఘమాసంలో కోసి ఎండబెట్టింది. ఏడాది దాటిపోయింది. కాస్త తడిపితే ఇవాళ కూడా అల్లుకోవచ్చు.

ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. ప్రతి ఆకుకీ ఒక గడియారం ఉంటుంది. లేత కొబ్బరాకుది ఒక్క రోజు. ముదురు కొబ్బరాకుది మూడు రోజులు. ఎండిన తాటాకుది ఏళ్లు. ఆ గడియారం చూడకుండా ఆర్డరు ఒప్పుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. అనుభవించాను కాబట్టి తెలుసు. ఆ కథ కూడా చెబుతాను. పరువు పోయిన కథ, కాస్త ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

మా నాన్న పందిళ్లు వేసేవారు. శ్రీరామనవమికి వీధి వీధికీ చలువ పందిరి, పెళ్లిళ్ల రోజుల్లో ఇంటింటికీ తాటాకు పందిరి. మంచిరోజు చూసి రాట వేసేవారు. రాటకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు, నవధాన్యాల మూట కట్టాకే మిగతా గుంజలు పాతేవారు. మీద వాసాలు, వాసాల మీద తాటాకు. పక్కలకు కొబ్బరాకు తడికలు. గుమ్మానికి అటూ ఇటూ గెలలతో సహా అరటి బోదెలు. ఇప్పుడు మనం ‘ఎకో ఫ్రెండ్లీ థీమ్’ అని కొటేషన్‌లో రాసి పంపిస్తున్నామే, అదంతా అదే. పేరు మాత్రం లేదు పాపం.

పెళ్లయిపోయాక ఆ ఆకు ఏమయ్యేదో చెప్పనా? విప్పిన తాటాకు పశువుల పాక మీదికి ఎక్కేది. అక్కడ ఒకటి రెండు వానాకాలాలు కాపు కాసేది. చివికాక పొయ్యిలోకి. బూడిద పెంటకుప్పలోకి, అక్కణ్ణించి పొలంలోకి. మూడు రోజుల పెళ్లికి కోసిన ఆకు మూడేళ్లు పని చేసేది. ఇవాళ మనం కట్టే బ్యాక్‌డ్రాప్‌ని తెల్లారి రెండింటికి విప్పి ఏం చేస్తున్నాం? ట్రాక్టరులో పడేసి పంపిస్తున్నాం. ఆ ట్రాక్టరు ఎక్కడికి వెళ్తుందో మనలో ఎంతమంది చూశాం? నేను ఒకసారి వెనకాలే వెళ్లి చూశాను. ఊరి చివర కాలవ గట్టు. అంతకన్నా చెప్పను.

మరి పందిరి ఎందుకు పోయింది? షామియానా వచ్చింది, పందిరి పోయింది అంటారు. అది సగమే నిజం. ఊళ్లో తాటాకిళ్లు ఉన్నన్నాళ్లూ ఏటా ఆకు కోసేవారు, ఎండబెట్టేవారు, ఇళ్లు కప్పేవారు. ఆ చేతులే పెళ్లికి పందిరి వేసేవి. డాబాలు వచ్చాక ఆకు కోసేవాళ్లకు పని లేకుండా పోయింది. ఆకుకి గిరాకీ లేని చెట్టుని ఎవరు ఉంచుకుంటారు? చాలా తాడిచెట్లు ఇటుక బట్టీల్లోకి పోయాయి. అలాగని తాటాకిళ్లే బాగుండేవని నేను అనను. వాన రాత్రి ఇంట్లో కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఆ ఇల్లు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. ఆ చేతికి పని మళ్లీ రావాలన్నదే నా గొడవ.

షామియానా తరవాత థర్మోకోల్ వచ్చింది. తెల్లగా, తేలిగ్గా, బ్లేడుతో ఎటు కోస్తే అటు తెగేది. నెమళ్లు, ఏనుగులు, వధూవరుల పేర్లు... నేను కూడా కోశాను, అబద్ధమెందుకు చెప్పాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్‌ని నిషేధించారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అదీ ఉంది. బుడగలకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, శుభలేఖల మీద చుట్టే పల్చటి కవరు, 100 మైక్రాన్ల మందం లోపు పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. తెలియనివాళ్లు ఉంటే తెలుసుకోండి. ఫంక్షన్ హాలుకి మున్సిపాలిటీ వాళ్లు వస్తే జరిమానా ముందు మన దగ్గరికే వస్తుంది.

ఆ జాబితాలో లేనిది ఇంకోటుంది. పూలు గుచ్చే ఆకుపచ్చ ఇటుక, ఫ్లోరల్ ఫోమ్. నీళ్లలో ముంచితే పీల్చుకుంటుంది కదా, చూడ్డానికి నాచులా ఉంటుంది కదా, మట్టిలో కలిసిపోతుందనుకుంటాం. కలవదు. అదీ ప్లాస్టిక్కే. వేలితో నలిపితే పొడవుతుంది, ఆ పొడి ప్లాస్టిక్ పొడిగానే నీళ్లలో ఉండిపోతుంది. దాని బదులు ఏం వాడాలో చెబుతాను. కల్లు తాగే తాటాకు రేక చూశారా? నవ్వకండి, తాగినవాళ్లని అడగట్లేదు, చూసినవాళ్లని అడుగుతున్నాను. ఒక్క ఆకు, కత్తిరించిన ముక్క కాదు, మడతపెట్టి కొసలు ముడేస్తే దొప్ప అవుతుంది. చుక్క కారదు. అందులో నీళ్లు పోసి, అడుగున గులకరాళ్లు వేసి, పూల కాడలు నిలబెట్టండి. సాయంత్రం ఫంక్షన్‌కి పెట్టిన పూలు తెల్లారేదాకా వాడవు. మా సంఘంలో ఇప్పుడు టేబుళ్ల మీద అన్నీ అవే పెడుతున్నాం.

సరే, నా పరువు కథ. ఇప్పుడు చెప్పేస్తాను.

ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం. స్టేజి వెనక మొత్తం లేత కొబ్బరాకు చిలకలు వేలాడాలి, 500 చిలకలు. ఫోన్లో ఫొటో చూపించారు, సరే అన్నాను. చేతులు తక్కువ, పని ఎక్కువ. ఏం చేశాను? తెలివి ఉపయోగించి రెండు రోజుల ముందే అల్లడం మొదలుపెట్టాను. అల్లినవి వాడిపోకుండా ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టాను. చూశారా, అక్కడ కూడా ప్లాస్టిక్కే దిక్కయింది. రెండో రోజు మధ్యాహ్నం సంచి విప్పితే ఆవిరి పట్టి సగం చిలకలకు నల్ల మచ్చలు. మిగతా సగం కట్టాం. హాల్లో ఏసీ. సాయంత్రం ఏడింటికి అతిథులు వచ్చేసరికి రెక్కలు ముడుచుకుపోయి గోధుమరంగుకి తిరిగాయి. పెళ్లికూతురి మేనత్త నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగింది: “ఏమ్మా, చిలకలన్నారు, కాకులు కట్టారేంటి?”

ఇవాళ్టికీ మా సంఘంలో ఎవరైనా పని తొందరగా చేసేస్తానంటే, కాకులు కడతావా అంటాం.

తప్పు ఆకుది కాదు కదా? లేత ఆకు గడియారం ఒక్క రోజు. తెల్లారి కోసి, తడి గోనెపట్టా కప్పి, నీడన పెట్టి, మధ్యాహ్నానికి అల్లి, సాయంత్రానికి కట్టాలి. దానికి 500 చిలకలు కావాలంటే ఎన్ని చేతులు కావాలి? లెక్క వేద్దాం. చేయి తిరిగినవాళ్లకు ఒక చిలకకు ఆరు నిమిషాలు పడుతుంది. 500 చిలకలంటే 3,000 నిమిషాలు. 50 గంటలు. ఐదు గంటల్లో పూర్తి కావాలంటే పదిమంది కూర్చోవాలి, తల ఎత్తకుండా. ఆ రోజు నా దగ్గర ముగ్గురు ఉన్నారు. ఈ గుణకారం ఒప్పుకునే ముందు చేసుంటే నేను 60 చిలకలు గుమ్మానికి కట్టి, స్టేజికి ఎండు తాటాకు పెట్టేదాన్ని.

అందుకే ఇప్పుడు మా పద్ధతి మారింది. గుమ్మం దగ్గర, పెళ్లిపీటల దగ్గర, అంటే జనం దగ్గరగా వచ్చి చూసే చోట మాత్రమే లేత ఆకు. గోడలకు, ప్రహరీకి, వంటల వైపు కనబడకుండా కట్టడానికి ముదురు మట్టల తడికలు. స్టేజి వెనక, పైన వేలాడేవి, ఫొటోల్లో పడేవి ఎండు తాటాకువి. అవి అద్దెకిస్తాం, మళ్లీ తెచ్చుకుంటాం.

తడిక సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, చాలామందికి వచ్చు. మట్టని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. ఒక పక్క ఆకుల్ని రెండో పక్కకు మడిచి, ఒకటి పైకి ఒకటి కిందికి వేసుకుంటూ పోవాలి. కొసలు జడలా అల్లి ముడెయ్యాలి. పచ్చగా ఉన్నది మూడో రోజుకి ఎండుతుంది, ఎండినా బాగానే ఉంటుంది. కస్టమరుకి మాత్రం ముందే చెప్పండి, రంగు మారుతుందని. చెప్పకపోతే మేనత్తలు ఉంటారు.

తాటాకు దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మన బతుకుతెరువు దీంట్లో ఉంది. ఎండ గట్టిగా ఉన్న నెలల్లో కోయించాలి. రేకులు విడదీసి, ఈనె తీసేసి, ఎండలో ఆరబెట్టాలి. రాత్రిళ్లు మంచులో వదిలేస్తే ఆకుపచ్చ పోయి దంతం రంగు వస్తుంది. బాగా ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెవి దగ్గర పెట్టుకుని వంచి చూడండి. గలగలమంటే ఆరినట్టు. మెత్తగా, చప్పుడు లేకుండా వంగితే ఇంకా తడి ఉంది. ఆ తడితో మూట కట్టి అటక మీద పెట్టారా, వానాకాలానికి బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకుని ఎంత తుడిచినా మచ్చ పోదు.

అల్లేముందు మళ్లీ తడి తగలాలి. తడి గుడ్డలో చుట్టి కాసేపు ఉంచితే చాలు, నానబెట్టక్కర్లేదు. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చాప అల్లేది. మాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, అంత పొద్దున ఎందుకని. తెల్లవారుజామున గాలిలో తేమ ఉంటుంది, ఆకు చిట్లదు. మిట్టమధ్యాహ్నం అదే ఆకు పుటుక్కుమంటుంది.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. మూఢంలో ఉండవు. టెంట్‌హౌస్ వాళ్లకు, మనకు అందరికీ ఆ రోజుల్లో చేతినిండా ఖాళీ, ఇంటినిండా టెన్షన్. కానీ ఆషాఢంలో గాలి నిండా తేమే. అల్లడానికి అంతకన్నా మంచి నెల ఏముంది? వేసవిలో ఎండబెట్టిన ఆకుని ఆషాఢంలో అల్లుకుని, అల్లినవి పొగ తగిలే చోటో, పొడిగా ఉన్న గదిలోనో దాచుకుంటే, శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేసరికి సరుకు చేతిలో ఉంటుంది. కాకులు కట్టే పని ఉండదు.

ఏం అల్లాలి? మీకు చేపలు, చిలకలు, బంతులు, గొలుసులు వచ్చు. పిల్లలకు చేసిచ్చే గిలక వచ్చు. తాటాకు బొమ్మలు వచ్చు. వేసవి సెలవుల్లో బొమ్మల పెళ్లి చేయని ఆడపిల్ల ఉందా మనలో? ఆ పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మల్నే అడుగున్నర ఎత్తు చేసి గుమ్మం దగ్గర నిలబెట్టాం ఒక పెళ్లిలో. పెద్ద సెల్ఫీ పాయింట్ ఖర్చు పెట్టి కట్టారు అటు పక్కన, దాని దగ్గర ఎవరూ లేరు. ముసలమ్మలందరూ ఈ బొమ్మల చుట్టూ చేరి, “ముక్కు ఇలా కాదే, మడత లోపలికి రావాలి” అని మాకు నేర్పడం మొదలుపెట్టారు.

బయట వాళ్లు ఏం చేస్తున్నారో కూడా చూడండి. తమిళనాడులో చెట్టినాడు కొట్టాన్ బుట్టలు తాటాకుతోనే అల్లుతారు, శుభకార్యాల్లో కానుకలు పెట్టి ఇచ్చేవి. వాటికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. కేరళలో దేవుడి వేషం కట్టి ఆడే తెయ్యం ఉంది, లేత కొబ్బరాకు లేకుండా ఆ వేషం లేదు. బాలి ద్వీపంలో గలుంగన్ పండగకు ఇంటింటి ముందూ వంగిన వెదురు గడకు లేత కొబ్బరాకు అల్లికలు కట్టి నిలబెడతారు, పెంజోర్ అంటారు. జావాలో వీధి మొదట్లో లేత ఆకు గడ కనబడితే ఈ వీధిలో పెళ్లి అని గుర్తు. బాణం గుర్తు వేసిన ఫ్లెక్సీ అక్కర్లేదు. మన దగ్గర మాత్రం లేదా? మట్టల ఆదివారం నాడు చర్చిల్లో పిల్లలు ఆకుతో శిలువ ఎంత చక్కగా అల్లుతారో చూశారా? ఆ పిల్లల్నే నేను వేసవిలో పిలుస్తాను, వేళ్లు అప్పటికే తిరిగి ఉంటాయి.

ఇప్పుడు కాస్త కోపం తెచ్చుకుంటాను, ఏమనుకోకండి. ఆకుకి బంగారు రంగు స్ప్రే కొట్టేవాళ్లున్నారు. మెరుపు పొడి చల్లేవాళ్లున్నారు. స్టేప్లర్ పిన్నులు, ఫెవిక్విక్, నైలాన్ దారం. అవన్నీ పట్టించాక అది ఆకా? దాన్ని పొయ్యిలో పెట్టలేరు, ఎరువులో వేయలేరు. రంగు కావాలంటే ఆకుని రంగు నీళ్లలో ఉడికించండి, పసుపు పట్టించండి. అతకడానికి ఈనె పుల్ల ఉంది. విస్తరాకు ఏ పుల్లతో కుడతాం? అదే. కట్టడానికి కొబ్బరి తాడు, అరటి నార ఉన్నాయి. విప్పేటప్పుడు చూస్తారు దీని సుఖం. పిన్నులు ఏరక్కర్లేదు, మొత్తం గంపకెత్తి కొబ్బరి పాదులో వేసేయడమే. ముక్కలు కొట్టి వేయండి, తాటాకు తొందరగా చివకదు.

చెట్టు సంగతి కూడా మాట్లాడాలి. ఆకు పని కాబట్టి పర్యావరణానికి మంచిదే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవడానికి లేదు. కొబ్బరికైనా తాటికైనా ఉన్నది ఒక్కటే మొవ్వు. కొమ్మలు వేయదు కదా! కొబ్బరి సుమారుగా నెలకో ఆకు వేస్తుంది, ప్రతి మట్ట మొదట్లోంచీ ఒక గెల వస్తుంది. అంటే మొవ్వు కోశామంటే రైతు దగ్గర ఒక నెల ఎదుగుదల తీసుకున్నట్టే. కోసేవాడి కత్తి కాస్త లోతుకి దిగిందా, చెట్టే పోతుంది. కోనసీమ రైతు మొవ్వు ఇవ్వనంటే పిసినారి అనకండి, ఆయన లెక్క ఆయనకుంది. ఒక చెట్టుకి ఒక్కసారే, ఆ ఏడాదికి మళ్లీ దాని జోలికి వెళ్లకూడదు. గాలికి పడిన చెట్లు, నరికేయబోతున్న చెట్లు ఎక్కడున్నాయో కనుక్కోండి, వాటి మొవ్వులు తీసుకోండి. తాటాకైతే పోతు తాడి నుంచి అడుగుతాం, దానికి ముంజలు రావు కాబట్టి. ఎక్కేవాళ్లు గీత పనివాళ్లే, మోకు కట్టుకుని ప్రాణానికి తెగించి ఎక్కే పని. మట్టకింత అని బేరమాడకండి. ఎక్కిన చెట్టుకింత అని ఇవ్వండి.

నిప్పు. ఇది మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఎండాకు అగ్గిపుల్లకన్నా ముందు అంటుకుంటుంది. 2004 జనవరిలో తమిళనాడు శ్రీరంగంలో ఒక పెళ్లి మండపంలో కొబ్బరాకు పందిరి అంటుకుని పెళ్లికొడుకుతో సహా పదుల మంది చనిపోయారు. అదే ఏడాది జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయారు, అక్కడా పూరికప్పే. అందుకని మేం కొన్ని పెట్టుకున్నాం. తల మీద కప్పు మొత్తం ఎండాకుతో వేయం, ఎంత ఇస్తామన్నా వేయం. హోమగుండానికి, దీపాలకు దగ్గరగా ఏదీ వేలాడదు. బల్బులు ఎల్‌ఈడీవే, వేడెక్కే హాలోజెన్ పెడతామంటే విప్పేసి వచ్చేస్తాం. వైరు ఆకుకి చుట్టకూడదు. పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఒక ఇసుక బకెట్. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితే మంట ఆలస్యంగా పట్టుకుంటుంది, బూజూ రాదు. ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. అలా ముంచినవి ఎరువులో వేయకండి, ఆ మందు ఎక్కువైతే మొక్కకి పడదు. అద్దెకిచ్చే సరుకుకే వాడండి.

ఇంకో చిన్న సంగతి, మరిచిపోయేలా ఉన్నాను. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు, పురోహితులు మాత్రం బెదురుతారు. పీటల పైన ఫ్యాను కింద ఎండు గొలుసులు కట్టాం ఒకసారి. మైకులో మంత్రం కన్నా గలగల ఎక్కువ వినబడింది. ఆయన సుముహూర్తానికి ముందు ఆగి, “అమ్మా, ఆ వాన ఆపండి” అన్నారు. ఫ్యాను దగ్గర, మైకు దగ్గర ఎండాకు వద్దు.

డబ్బుల మాట అడగాలని చాలామందికి ఉంది, నాకు తెలుసు. చిలకకింత అని ధర పెట్టకండి. అలా పెడితే వాళ్లు ప్లాస్టిక్ చిలక ధర చూపించి బేరమాడతారు. గంటకింత అని పెట్టండి. ఇందాక లెక్క చూశారు కదా, 50 గంటలు. ఆ 50 గంటలూ కాగితం మీద రాసి చూపించండి. కోత, ఎండబెట్టడం వేరే రాయండి. విప్పి తీసుకెళ్లే కూలి కూడా రాయండి, అది ఎవరూ రాయరు. ఇంత ఎందుకని అడిగితే, ఒక ఆకు వాళ్ల చేతికిచ్చి ఒక్క చిలక అల్లమనండి. నేను అలాగే చేస్తాను. ఒక పెళ్లికొడుకు తండ్రి అరగంట కూర్చుని, చివరికి ఏదో కప్పలాంటిది చేసి, అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.

టైమెంతయింది? పదకొండున్నరా? ఈ మొవ్వు చూడండి, నేను మాట్లాడుతుండగానే కొసలు వంకర తిరుగుతున్నాయి. ప్రశ్నలు అల్లుతూ అడుగుదురుగాని. అమ్మా, ఆ గోనెపట్టా తీసి కట్ట ఇటివ్వండి. తలా రెండు రేకులు తీసుకోండి. ఈనె ముందు తీసేయండి. తీశారా? ఎడమచేతి రెండు వేళ్లకు ఒక చుట్టు...